తడి సిమెంటు మీద చెయ్యి

ఇంటర్వెల్ అయిపోయి లైట్లు ఆర్పేశారు, అమ్మ ఇంకా తెల్ల సమాధి కోసమే వెతుకుతోంది. పాప్‌కార్న్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక్క గింజ తినలేదు. తెర మీద మా ఊరి సమాధుల తోట వచ్చినప్పుడల్లా మెడ ముందుకు సాచి ఆ చివర నుంచి ఈ చివరికి చూస్తోంది, డ్యూటీ ఎక్కగానే వార్డులో మంచాలన్నీ ఒకసారి చూసుకున్నట్టు. "మనది ఏదే హెప్సీ? వేపచెట్టు పక్కనే కదా. వేపచెట్టు వచ్చింది, మనది రాలేదు" అని ఫస్టాఫ్‌లో నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ తెలీదన్నాను. వచ్చిందమ్మా, వచ్చింది, ఆ నల్లటిది, నాచు పట్టినట్టున్నది, దాని మీద ఎవరి పేరు కనిపిస్తే వాడు మూడో రోజుకి చచ్చిపోతున్నాడే, అదే మనది, అదే అక్కది. ఈ మాట నోటిదాకా వస్తోంది, పళ్ల దగ్గర ఆగిపోతోంది. ఇంకో గంటలో సినిమా అయిపోతుంది. అయిపోయే ముందు ఆ సమాధిని దగ్గరగా చూపిస్తారు, ఎంత దగ్గరగా చూపిస్తారో నాకు తెలుసు, షూటింగ్ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆలోపు నేను చెప్పాలి. లేకపోతే తెరే చెప్పేస్తుంది.

దీనికోసం గల్ఫ్‌లో అమ్మ పనిచేసే రువైస్ నుంచి ఈ హాలున్న ముసఫ్ఫాకి రెండున్నర గంటలు వచ్చాం. దారి పొడుగునా ఇసుక, లారీలు, మళ్లీ ఇసుక. ఆసుపత్రి స్టాఫ్ బస్సు నడిపే హయాత్ బాషా మామ తన స్నేహితుడి వ్యాన్ అడిగి తెచ్చాడు. అమ్మే అందర్నీ పోగుచేసింది. మామయ్య ఫ్యామిలీ గ్రూపులో "మన తోట సినిమాలో పడింది, అక్కడ కూడా ఆడుతోంది, చూడండి" అని పెట్టిన దగ్గర్నుంచి అమ్మ కాలు నిలవలేదు. తనతో పనిచేసే సుహానా ఆంటీకి చెప్పింది, ల్యాబులో చెప్పింది, క్యాంటీన్‌లో చెప్పింది. మా పెద్దమ్మాయి సమాధి సినిమాలో కనిపిస్తుంది అని, పెళ్లి ఫోటో పేపర్లో పడుతుందని చెప్పినట్టు చెప్పింది. ఎనిమిది మందిమి వచ్చాం. హయాత్ బాషా మామ ఈ వరస చివరి సీట్లో కూర్చుని, "సినిమా ఖలాస్ అయినాక లేపండి, మధ్యలో దయ్యం వచ్చినా లేపొద్దండి" అని కళ్లు మూసుకున్నాడు. ఇంటర్వెల్లో సుహానా ఆంటీ అమ్మ భుజం మీద కొట్టి, "ఏమక్కా, మీ ఊర్లో ఇన్ని దయ్యాలుంటే ముందే చెప్పిండకూడదా, రెండిటిని మన ఎమర్జెన్సీలో నైట్ డ్యూటీకి ఏసుకునేవాళ్లం" అంది. అమ్మ నవ్వింది. "మా ఊరు అట్టా ఉండదే, వీళ్లే చీకటి చేశారు" అంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది. రెండున్నర గంటలు వచ్చావు కదమ్మా సినిమాలో సమాధి చూడ్డానికి. విమానం ఎక్కితే నాలుగు గంటలు. అక్క పోయి మూడేళ్లయింది, నువ్వు ఊరికి రాలేదు. రెండువేల ఇరవై ఒకటిలో రాకపోకలు ఆపేశారు, అది నిజం, ఒప్పుకుంటాను. తర్వాతి ఏడాది కొత్త కాంట్రాక్టు, లీవు ఇవ్వరంది. ఈ ఏడాది నా టెన్త్ అయ్యాక నాకు వీసా తీసింది గానీ తను లీవు పెట్టలేదు. ముదీర్, అంటే వాళ్ల మేనేజరు, ఒప్పుకోడు అంది. ఆ ముదీర్ మొన్న కారిడార్‌లో కనిపించి, సిస్టర్ మరియకుమారి కూతురివా అని నవ్వుతూ నాకు చాక్లెట్ ఇచ్చాడు. లీవు అడిగితే కొట్టే మనిషిలా లేడు.

తెర మీద మళ్లీ రాత్రి. సినిమా వాళ్లకి మా ఊళ్లో పగలే ఉండదు. ఊరి పేరు మార్చారు గానీ రేవు మాదే, రైలు గేటు మాదే, పెంకులు ఊడిన పాత మిషను ఆసుపత్రి మాదే. నలభై ఏళ్ల కింద ఆ ఆసుపత్రిలో స్టెల్లా అనే నర్సుని ఊరి పెద్దలు చంపేశారట, ఇప్పుడు ఆమె పేరు లేని సమాధిలోంచి లేచి ఒక్కొక్కడి పేరు రాసి తీసుకెళ్తోందట, హైదరాబాద్ నుంచి వచ్చిన ఎస్సై కనిపెట్టాలట. స్టెల్లా తెల్ల గౌను వేసుకుంటుంది, జుట్టు విరబోసుకుంటుంది, కొవ్వొత్తి పట్టుకుంటుంది. ఎప్పుడూ మా క్రిస్టియన్లే ఎందుకు దయ్యాలు? మా తోటలో పగలు మేకలు మేస్తాయి, పరీక్షలప్పుడు టెన్త్ పిల్లలు వేపచెట్టు నీడన కూర్చుని చదువుకుంటారు, నేను కూడా చదివాను, అక్క సమాధికి ఆనుకుని సోషల్ మొత్తం చదివాను. అక్కకి అసలు తెల్ల గౌనే లేదు. నీలం పంజాబీ డ్రస్సులో పెట్టాం, అదంటే ఇష్టమని. స్టెల్లా సిరంజి ఎత్తి పరిగెత్తుకొచ్చింది. వెనక వరసల్లో ఆడపిల్లలు కెవ్వుమన్నారు, ఎవడో ఈల వేశాడు. అమ్మ మాత్రం "సిరంజి అలా పట్టుకోరు" అంది, తనలో తనే. నర్సుని దయ్యం చేస్తే ఆవిడకి కోపం రాలేదు, సిరంజి సరిగ్గా పట్టుకోలేదని వచ్చింది. నాకు మాత్రం హాల్లో ప్రతి మనిషి మీదా కోపంగా ఉంది. ఈల వేసినవాడి మీద, పాప్‌కార్న్ నమిలే చప్పుడు మీద, ఇంత చలిగా పెట్టిన ఏసీ మీద.

ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆ రోజూ ఇలాగే పోయాయి, అది మాత్రం ఎండాకాలం. రెండువేల ఇరవై, జూన్. అక్కకి కడుపులో నొప్పి మొదలైన రోజున ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే, కరోనా రిపోర్టు వస్తే గానీ లోపలికి రానివ్వం అన్నారు. రెండో చోటా అదే అన్నారు. నాన్న వేరే పెళ్లి చేసుకుని వెళ్లిపోయాక అమ్మ మమ్మల్ని ప్రేమ్‌చంద్ మామయ్య ఇంట్లో పెట్టి ఇక్కడికొచ్చింది, అందుకని ఆటోలో మామయ్య, నేను, నా ఒళ్లో అక్క తల. అదే వేళకి అమ్మ ఇక్కడ ముఖానికి మాస్కు, దాని మీద అద్దాలు, ఒంటికి ప్లాస్టిక్ సంచీ లాంటిది వేసుకుని, ఎవరెవరి పిల్లలకో ఆక్సిజన్ పెడుతోంది. అపెండిక్స్ పగిలిందని తర్వాత చెప్పారు. రేచెల్ అనే మా అక్కకి కరోనా లేదని ఫోన్‌కి మెసేజ్ వచ్చేసరికి పెట్టె తోటకి చేరింది. విమానాలు లేవు. అమ్మ వీడియో కాల్‌లో ఉంది. ఫోన్ పట్టుకునే పని నాకిచ్చారు, నాకు పదమూడేళ్లు. "పైకెత్తు, మీ అమ్మకి కనిపించాలి, ముఖం మీదకి తిప్పు, కదపకు" అని మామయ్య పక్కనుంచి అంటున్నాడు. రెండు చేతులూ పైకెత్తి ఫోన్ పెట్టె మీదకి వంచి పట్టుకున్నాను. మెడ ఎత్తి ఫోన్‌లోకే చూస్తున్నాను, అక్క ముఖం మధ్యలో ఉందా లేదా అని. మూత వేసేదాకా ఫోన్‌లోకే చూశాను. మూత వేశాక తెలిసింది, నేను అక్కని నా కళ్లతో చూడలేదని. అరచెయ్యంత అద్దంలో చూశాను, అదీ అమ్మ కోసం. రాత్రి అమ్మ ఫోన్ చేసి, "చూశానమ్మా, అంతా చూశాను, బాగా పట్టుకున్నావు, అక్క నిద్రపోతున్నట్టే ఉంది" అంది. సరేలే అనుకున్నాను. ఒక్కరైనా చూశారు.

నలభయ్యో రోజున మేస్త్రి సమాధి కట్టాడు. ప్లాస్టరింగ్ చేసి కాళ్ల వైపు చదును చేస్తుంటే, ఎందుకో తెలీదు, వంగి తడి సిమెంటు మీద కుడి అరచెయ్యి అదిమాను. మేస్త్రి తిట్టాడు, తాపీతో పూడ్చేయబోయాడు. అప్పుడూ అమ్మ వీడియోలోనే ఉంది, ఈసారి ఫోన్ మామయ్య దగ్గర. "ఉండనీ, ఉండనీ, పూడ్చొద్దని చెప్పు" అని అంత దూరం నుంచి అరిచింది. అలా నా చెయ్యి అక్కడ ఉండిపోయింది. రాతి పలక మాత్రం పెట్టించలేదు. "పలక నేనొచ్చాక నా చేతుల్తో పెట్టిస్తా, అందాకా పెయింటుతో రాయండి" అంది. రాతి పలక ఉన్నవాళ్లకి ఏ బాధా లేదు. పెయింటు పేరు అలా కాదు. నవంబరు రెండు సమాధుల పండుగ, ఒకటో తారీఖున అందరూ వెళ్లి గడ్డి పీకి సున్నం కొడతారు, సున్నం కొడితే పాత పేరు కిందికి పోతుంది, అది ఆరాక మర్నాడు సన్న బ్రష్షుతో మళ్లీ రాయాలి. మొదటి రెండేళ్లూ రాశాను. మూడో ఏడాది ఒకటో తారీఖున సున్నం కొట్టాను, రెండున వాన, మూడున వాన, ఆ తర్వాత యూనిట్ పరీక్షలు, తర్వాత పెయింటు డబ్బా గడ్డకట్టింది, తర్వాత క్రిస్మస్. ఫోటో పెట్టమని అమ్మ అడిగితే అంతకుముందేడు తీసింది పెట్టాను. "అక్షరాలు కిందటేడు కంటే బాగా వచ్చాయే" అంది. అవే అక్షరాలమ్మా. ఆ రాత్రి డైరీ తెరిచి తారీఖు వేసి మూసేశాను.

ఫిబ్రవరిలో సినిమా వాళ్లు వచ్చారు. వాళ్లకి పేరు లేని సమాధి కావాలి. తోటంతా తిరిగితే పేరు లేనిది ఒక్కటే ఉంది, తెల్లగా, శుభ్రంగా, వేపచెట్టు పక్కన. మామయ్య చర్చి సంఘంలో సెక్రటరీ. వేరే ఎవరిది అడిగినా గొడవవుతుందని, "అది మనదే, మనదైతే అడిగేవాళ్లు ఎవరూ లేరు" అన్నాడు. అడిగేవాళ్లు ఎవరూ లేరు. నేను అక్కడే ఉన్నాను, మామయ్యకి మూడడుగుల దూరంలో, స్కూల్ యూనిఫాంలో. తోట ప్రహరీ గోడ కట్టిస్తామని కూడా చెప్పారట. గోడ కట్టలేదు, థర్మోకోల్‌తో ఇనప గేటులాంటిది చేసి నిలబెట్టి, షూటింగ్ అయ్యాక దాన్నీ పట్టుకుపోయారు. టోపీ పెట్టుకున్న అసిస్టెంట్ డైరెక్టర్ ఒకతను నా దగ్గరికొచ్చాడు, మర్యాదగానే అడిగాడు. "మీ అక్కదంట కదమ్మా, నీకేం అభ్యంతరం లేదు కదా?" మా క్లాసు పిల్లలంతా నన్నే చూస్తున్నారు. క్లాసులో టీచర్ అటెండెన్స్ పిలిస్తేనే నా గొంతు రాదు. తల ఊపాను. లేదని ఊపాను. అంతే, ఒక్క ఊపు. వాళ్లు బక్కెట్లతో నల్ల రంగు తెచ్చి అక్క మీద పోశారు. రంపపు పొట్టుకి పచ్చ రంగు కలిపి నాచులా అతికించారు. అప్పుడు వాళ్లలో ఒకడికి కాళ్ల వైపు చెయ్యి కనిపించింది. "సార్, ఇది చూడండి, భలే ఉంది" అని అరిచాడు. డైరెక్టర్ వచ్చాడు, మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాడు, ముఖం వెలిగిపోయింది. క్లైమాక్స్ మార్చేద్దాం అన్నాడు. ఎవరిదో ఈ చెయ్యి అని మా వైపు తిరిగి, పిల్లలందర్నీ చేతులు పెట్టి చూడమన్నాడు, సైజు సరిపోయేవాళ్లకి షాటుందన్నాడు. అందరూ తోసుకుంటూ వెళ్లారు. నేను నా కుడి చెయ్యి చున్నీలో చుట్టేసుకుని వెనక్కి వెళ్లిపోయాను. వాళ్లు పోయాక మూడు రోజులు ఇనప బ్రష్షుతో రుద్దాను, ఎదురింటి వాళ్ల దగ్గర పెయింటు అడిగి తెచ్చి పేరు రాశాను. మామయ్య వచ్చి నిలబడి, "మీ అమ్మకి చెప్పకు, బాధపడుద్ది" అన్నాడు. సినిమా మొదట్లో కృతజ్ఞతల్లో ఆయన పేరు పడితే అమ్మ నా చెయ్యి నొక్కింది, చూశావా అన్నట్టు.

ఎస్సై ఇప్పుడు తోట గేటు దగ్గరికొచ్చాడు. థర్మోకోల్ గేటు కిర్రుమంది. చేతిలో గడ్డపార. చెప్పు హెప్సీ, ఇప్పుడే. ఎవరికోసం దాచాలి? మామయ్య కోసమా? మన సమాధి అయితే అడిగేవాళ్లు లేరన్న మనిషి కోసమా? అమ్మ బాధపడుతుందనా? పడనీ. నేను మూడు రోజులు గోళ్లు ఊడేలా రుద్దినప్పుడు ఈవిడ పడాల్సిన బాధే కదా నేను పడింది. టార్చి వెలుగు నేల మీద పాకుతోంది, వేపచెట్టు మొదలు, రాలిన ఆకులు, నల్ల సిమెంటు అంచు.

"అమ్మా, అదే మనది" అన్నాను.

"ఏదే?"

"ఆ నల్లదే. రంగు పోశారు. నేను కిందటేడు పేరు రాయలేదు, నీకు పాత ఫోటో పెట్టాను. వాళ్లొచ్చి అడిగితే తల ఊపాను."

అమ్మ నా వైపు తిరగలేదు. విన్నదో లేదో తెలీలేదు. తెర మీద టార్చి కాళ్ల వైపుకి వచ్చి ఆగింది, హాలంతా నిండేంత పెద్దగా నా చెయ్యి. వేళ్లు అయిదూ, చిటికెన వేలు కొంచెం వంకర, బొటనవేలి దగ్గర నొక్కుకుపోయిన ఇసుక రవ్వ. ఎస్సై వణికే గొంతుతో అంటున్నాడు, "ఇది స్టెల్లాది కాదు... ఇది ఆమె కూతురి చెయ్యి. చచ్చిపోయిన పిల్ల చెయ్యి." హాలు మొత్తం హా అంది. సుహానా ఆంటీ కళ్లకి చున్నీ అడ్డం పెట్టుకుంది. చచ్చిపోయిన పిల్ల ఇక్కడ ఎఫ్ వరసలో పాప్‌కార్న్ పక్కన కూర్చుంది.

అమ్మ చీకట్లో తడుముకుని నా కుడి చెయ్యి పట్టుకుంది. వేళ్లు విడదీసింది. చిటికెన వేలి దాకా ఒక్కొక్కటే తడిమింది. "నీదే" అంది. "ఇదొక్కటే చూశాను నేను."

"అక్కని చూశావుగా."

తెర మీద ఈదురుగాలి, గంటలు, ఆ ఊళలు.

"లేదే. ఆ రోజు అద్దాల నిండా ఆవిరి. తుడుచుకోడానికి లేదు, గ్లవుజులున్నాయి, మనుషులున్నారు. ఫోను సెలైన్ స్టాండుకి తగిలించి నిలబడ్డాను. తెల్లగా తప్ప ఏం కనబళ్లేదు. నువ్వంత కష్టపడి పట్టుకున్నావని చూశానని చెప్పాను."

నాకు అరవాలనిపించింది. నా చేతులు అప్పుడు ఎంత లాగాయో, ఎంతసేపు పట్టుకున్నానో, మెడ ఎలా పట్టేసిందో, అదంతా ఎవరికోసం? నేను చూడలేదు, నువ్వూ చూడలేదు. మా ఇద్దరిలో ఒక్కరం కూడా అక్కని చూడలేదు. "మరి ఎందుకు రాలేదు?" అన్నాను. గొంతు పైకే వచ్చింది, ముందు వరసవాళ్లు తిరిగి చూశారు. "ఆవిరి ఆ రోజు. ఈ మూడేళ్లూ ఎందుకు రాలేదు?"

ఎస్సై గడ్డపార పైకెత్తాడు. అమ్మ లేచి నిలబడింది. ఒళ్లో డబ్బా కిందపడి పాప్‌కార్న్ సుహానా ఆంటీ కాళ్ల మీదంతా పోయింది. ఏమక్కా, ఏమైంది అని ఆంటీ కొంగు లాగుతోంది. ఆ చివర హయాత్ బాషా మామ నిద్రలేచి, అయిపోయిందా అని చెప్పులు వెతుక్కుంటున్నాడు. వెనకనుంచి ఒకాయన "బైఠో, బైఠో" అన్నాడు, తర్వాత తెలుగులో, "కూర్చోండమ్మా, క్లైమాక్సు, మాకు కనబళ్లేదు."

"మాకూ కనబళ్లేదు బాబూ" అంది అమ్మ, అటు తిరక్కుండానే. కూర్చోలేదు.

ఆయన నన్ను చూశాడు, మీ అమ్మకి చెప్పు అన్నట్టు. అందరూ నన్నే చూస్తున్నారు, ఆ రోజు తోటలో చూసినట్టు. నేను లేచాను. తల ఊపలేదు. "ఆ చెయ్యి నాదండీ" అన్నాను. "సమాధి మా అక్కది. పేరు రేచెల్." ఇంకా ఏదో అనాలనుకున్నాను గానీ గడ్డపార దిగింది. నల్ల రంగేసిన థర్మోకోల్ రెండు ముక్కలైంది, దానికి రాయి పగిలిన చప్పుడు పెట్టారు. అమ్మ భుజం అదిరింది. అది ఉత్తదేనమ్మా, పైన పెట్టింది, కిందది బాగానే ఉంది అన్నాను. చెప్పకుండా ఉందామనుకున్నాను గానీ చెప్పాను.

మేమిద్దరం నిలబడే ఉన్నాం. స్టెల్లా వెలుగులో కలిసిపోయింది, ఊరు తెల్లారింది, సినిమా మొత్తానికి మా ఊళ్లో మొదటిసారి ఎండ కాసింది.

"పేరు మళ్లీ రాశావా?" అంది అమ్మ.

"రాశాను."

"ఏ రంగు?"

"నలుపు."

"నీలం రాయాల్సింది" అంది. అనడానికి ఈవిడకి నోరెలా వచ్చిందో. నేను పళ్లు బిగబట్టుకున్నాను. తెర మీద పేర్లు పైకి పోతున్నాయి, లైట్ల వాళ్లవి, భోజనాల వాళ్లవి, గడ్డపార చేసినవాడిది కూడా. జనం మా ముందునుంచే దాటుకుంటూ బయటికి పోతున్నారు, కొందరు ఒకసారి చూసి తల దించుకుంటున్నారు. అమ్మ పేర్లు అయ్యేదాకా కదల్లేదు. తర్వాత సుహానా ఆంటీ వైపు తిరిగి, నవంబరు మొదటి వారం నా డ్యూటీ నువ్వు చూసుకుంటావా అని అడిగింది. ఆంటీ పాప్‌కార్న్ దులుపుకుంటూ, "పో అక్కా, ముదీర్ సంగతి నేను చూస్తా" అంది.

"రెండో తారీఖుకి ఎన్ని రోజులుంది?" అని అమ్మ నన్ను అడిగింది.

"పంతొమ్మిది" అన్నాను. "ఈసారి నువ్వే రాసుకో. నీలమే రాసుకో. నేను ఫోన్ పట్టుకోను."